పూత తర్వాతి పేరు

అయినా ఒక వరుస తీసేయడమంటే ఎవరినో ఏదో చేయడం కాదు కదా, అనుకుంటోంది తారామణి, ఎండిన కొమ్మను అట్ట మీద పరుస్తూ. తీసేసింది వరుసని, చెట్టుని కాదు. చెట్టు ఆ అడవిలో అట్లాగే ఉంది, ఈ వానలకి మళ్ళీ చిగుర్చి కూడా ఉంటుంది. ఈ రెండూ ఒకటేనా అని కంప్యూటర్ అడిగింది. ఒకటేనని ఎవరైనా చెప్తారు. ఒకే కాండం, ఒకే ఆకు, తుంచితే కారేది ఒకే పాలు. అంతకన్నా ఎక్కువ ఆలోచించడానికి ఆ రోజు తీరిక లేకపోయిందా, తీరిక ఉండీ ఆలోచించలేదా అన్న చోటికి వచ్చేసరికి ఆమె మనసు ప్రతిసారీ పక్కకి తప్పుకుంటుంది, తెలిసిన మనిషి ఎదురొస్తుంటే రోడ్డు దాటి అవతలికి పోయినట్టు.

ఒక ఆకును తిరగేసి పెట్టాలి, అడుగు ఈనెలు కనబడేటట్టు. కాండాన్ని తెల్ల దారంతో అట్టకి కుట్టి ముడి వెనక వేయాలి. జిగురు ఎక్కువైతే ఆకు నల్లబడుతుంది, తక్కువైతే ఏడాది తిరక్కుండా రాలిపోతుంది. నాచారం పారిశ్రామికవాడలో, మసాలాల ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో నడిచే ఈ ఔషధ మొక్కల నమోదు కేంద్రంలో పదకొండేళ్ళుగా ఆమె పని ఇదే. కొమ్మలు కుట్టడం, చీటీలు అతికించడం, చీటీలో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించడం. కిటికీలోంచి ధనియాలు వేగుతున్న వాసన వస్తోంది. ఏ మొక్క వాసనైనా ఇక్కడ మధ్యాహ్నానికల్లా ధనియాల వాసనగా మారిపోతుంది.

"మేడం, సార్ పిలుస్తున్నరు," అంది పక్క బల్ల దగ్గరి చాందిని. "మొహం చూస్తే షుగర్ పడిపోయినట్టుంది. జర బిస్కెట్ పట్టుకొని పోండ్రి."

ప్రాజెక్టు అధికారి సుధీంద్ర కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఎదురుగా జిల్లా నుంచి వచ్చిన ఉత్తరం, దాని పక్కన వాళ్ళు కిందటేడు అచ్చువేసిన పుస్తకం. ఇరవై ఏడు గూడేల వైద్యుల దగ్గర సేకరించిన మందు మొక్కల పుస్తకం అది. రంగుల అచ్చు, మొక్కకొక పేజీ, నోట్‌బుక్‌లో మొక్క నంబరే పేజీ నంబరు. ములుగు అవతలి ఆశా వర్కర్లందరికీ తలా ఒకటి పంచారు.

"నలభై ఏడో పేజీ," అన్నాడాయన. "కండ్ల కలకకి ఆకు పాలు రెండు చుక్కలు అని ఉంది కదా. ఊళ్ళో పిల్లలందరికీ కలక వచ్చిందట. ఒక ఆశా అమ్మాయి మన పుస్తకం చూసి, పిల్లలకి వేసే ముందు తన కంట్లో వేసుకుని చూసుకుంది. అదొక్కటే మన అదృష్టం మేడం. పిల్లలకి వేసి ఉంటే ఈపాటికి పేపర్లో ఉండేవాళ్ళం."

"ఏ కన్ను?"

ఆయన తలెత్తి చూశాడు. "కుడిది. ఏ కన్నయితే ఏమిటి, పోయింది. ఆ అమ్మాయి ఎవరో తెలుసా? మీకు ఈ మొక్క చెప్పిన మొగిలయ్య కూతురే. త్రివేణి."

తారామణి కుర్చీ వీపు పట్టుకుంది. కూర్చోమని ఆయన అనలేదు, అన్నా కూర్చునేది కాదు.

"పూత రాకముందు దీని పాలు మందు, పూత వచ్చాక విషం అంటున్నారు జిల్లావాళ్ళు. ఆ సంగతి ముసలాయన మనకి చెప్పలేదు." ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "చెప్పలేదు కదా? మీ నోట్‌బుక్ ఎక్కడుంది?"

"వెతకాలి సార్."

రెండో అల్మారాలో, పై అరలో, నీలం అట్ట. వెతకాల్సిన పని లేదు.

"వెతకండి. దొరికితే నాకివ్వండి. మొన్న వానకి షెడ్డు కారి ఎన్ని కాగితాలు పోలేదు!" ఆయన గొంతు తగ్గించాడు. అందులో బెదిరింపేమీ లేదు, అలసట ఉంది. "ఒక్క పేజీ వల్ల ఇరవై ఏడు గూడేల పని పోకూడదు. రెండో విడత నిధులు ఆగిపోతే మీరూ, చాందినీ ఇంటికే. నేను కూడా అనుకోండి. ఇదిగో, నాలుగు ముక్కలు టైపు చేయించాను. ఋతువు తేడా సంగతి సర్వే బృందానికి నేను తెలియజేయలేదు అని. ఆయన వేలిముద్ర వేస్తే చాలు. కూతుర్ని కంటి దవాఖానాకి తిప్పుతూ ఇక్కడే చిలకానగర్‌లో ఉన్నాడట. మీరంటే ఆయనకి గౌరవం. మీరే వెళ్ళండి."

సాయంత్రం చాందిని వెళ్ళిపోయాక తారామణి అల్మారా తలుపు తెరిచి, ఆ తలుపు చాటునే నిలబడి నోట్‌బుక్ విప్పింది.

నలభై ఏడు. గూడెం మాటలో పేరు. పక్కన తెలుగులో దాని అర్థం, 'మరదలు'. పూత రానిది. ఆకు పాలు, కళ్ళకి. నలభై ఎనిమిది. గూడెం మాటలో ఇంకో పేరు. దాని అర్థం 'అత్త'. అదే మొక్క, పూసినది. ఆ పక్కన బ్రాకెట్లో తన చేతిరాత, కుదురుగా: (సరదాగా అన్నాడు).

మొగిలయ్య ఆ పూట నలభై ఏడు దగ్గర వంగి, ఆకు తుంచి, పాలచుక్కని తన కనురెప్ప మీదే రాసుకుని చూపించాడు. వాగు ఒడ్డున అదే మొక్క పూసి ఉన్న చోటికి వచ్చేసరికి మాత్రం నాలుగు బారల దూరంలో ఆగిపోయాడు. వేలెత్తి చూపలేదు, గడ్డంతో చూపాడు. పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. జీపు డ్రైవర్ పడీ పడీ నవ్వాడు. అందరూ నవ్వారు, తను కూడా. వాళ్ళ గూడెంలో మరదలితో ఎంత ఆటైనా ఆడొచ్చు. అత్త ఎదురైతే అల్లుడు బాట దిగి నిలబడాలి. ఆమెను తాకకూడదు, ఆమె చేతినుంచి నీళ్ళయినా అందుకోకూడదు. ఆ సంగతి తారామణికి అంతకు ముందురోజే తెలుసు, మొగిలయ్య భార్యే చెప్పింది. రాత లేని చోట ఏ ఆకు ఎప్పుడు కోయాలో, ఎప్పుడు దాని జోలికి పోకూడదో ఒక చుట్టరికంలో పెట్టుకున్నారు, మూడేళ్ళ పిల్ల కూడా మర్చిపోకుండా. అప్పుడు అర్థం కాలేదని తనకి తాను చెప్పుకుంటూ వస్తోంది. అర్థమైంది. పెన్ను మూత పెడుతుండగా ఒక్క క్షణం అర్థమైంది. జీపు డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, ఇంకా రెండు గూడేలున్నాయి, బ్రాకెట్ వేసేసింది.

తర్వాత కంప్యూటర్ దగ్గర. భాష అన్న గడిలో వాళ్ళ భాష లేదు. 'ఇతరములు' నొక్కింది. మొక్కకి ఒక్క స్థానిక నామమే పడుతుంది. రెండుంటే రెండో వరుస ఎర్రగా మారి, ఈ రెండూ ఒకటేనా అని అడుగుతుంది, అవునంటే అది పోతుంది. నలభై ఎనిమిదితో కలిపి మొత్తం అరవై ఒక్క ఎర్ర వరుసలు. మధ్యాహ్నం రెండింటికి కూర్చుని అయిదయ్యేసరికి ఒక్కటీ లేకుండా చేసింది. నలభై ఏడు ఫొటో మసకగా వచ్చిందని నలభై ఎనిమిది ఫొటో తెచ్చి దాని పక్కన పెట్టింది, పూలతో బాగుందని. తెర అంతా తెల్లగా అయింది. చాందిని చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం తారామణి ఆటో ఎక్కకుండా ఉప్పల్ దాకా నడిచి వెళ్ళింది, ఊరికే, సంతోషంగా ఉండి. ఇప్పుడు ఆ సంతోషం అంత స్పష్టంగా గుర్తుండటమే ఓర్చుకోలేకుండా ఉంది.

మంగళవారం చిలకానగర్‌లో ఇల్లు దొరకడానికి అరగంట పట్టింది. గేటు దగ్గర ఇంటామె శ్యామలమ్మ బియ్యం చెరుగుతోంది.

"ఎవల కోసం? దవాఖానోళ్ళా?"

"కాదమ్మా, చెట్ల మందుల ఆఫీసు. మొగిలయ్యగారు..."

"అయితే జర నువ్వన్న చెప్పు ఆ ముసలాయినకు. మోకాళ్ళు గుంజుతున్నయి, ఏదన్న ఆకు చెప్పు తాతా అంటే నోరు తెరుస్తలేడు. పెండ్లిల అలిగిన బావ లెక్క కూసుంటడు. గదే, మెట్ల కింది రూము."

ఆ గది మొగిలయ్య మేనల్లుడిది. నాచారంలో ఏదో కంపెనీలో షిఫ్టుకి పోయి ఉన్నాడు. లోపల ఒక మంచం, ఒక ప్లాస్టిక్ స్టూలు, గోడకి రెండు సంచులు. త్రివేణి మంచం మీద కూర్చుని ఉంది, దవాఖానావాళ్ళిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని. మొగిలయ్య గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గది అంత చిన్నదైనా తండ్రీకూతుళ్ళ మధ్య ఎంత దూరం ఉండగలదో అంతా ఉంది.

"అమ్మా, నువ్వా!" మొగిలయ్య లేచి, స్టూలుని తువ్వాలతో తుడిచాడు. "కూసో. ఎండల పడి వచ్చినవ్."

"గీమెనేనా రాసుకున్నది?" అంది త్రివేణి. తండ్రిని అడిగినట్టు లేదు, గోడని అడిగినట్టుంది.

"ఊఁ."

"పుస్తకం మస్తుగున్నది మేడం. నాయిన ఫొటో చూసి గూడెమంత మురిసింది. నేనే ఇంటింటికి తిరిగి చూపించిన."

ఎత్తిపొడుపేమోనని తారామణి ఆ నల్లద్దాల వైపు చూసింది. కాదు. ఎత్తిపొడుపైతే బాగుండేది.

"నేను ఒకటో తరగతికెల్లి హాస్టల్ల ఉన్న. గూడెం మాట మాట్లాడితే మోకాళ్ళ మీద నిలబెడుతుండె. ఇంటి మాటలు వస్తయి నాకు, అమ్మ, అక్క, మరదలు, గవి. అడవి మాటలు రావు, గూడెంల గవి ఎరుకున్నది ఇప్పుడు నాయినకొక్కనికే. పుస్తకంల చెట్టు పేరు మరదలని చూసి నవ్వుకున్న కూడ. నాయిన సావుకు పోయిండు, మూడు దినాలు రాడు. పోరగాండ్లు కండ్లు తెరుస్తలేరు. ఫొటోల ఎట్లున్నదో గట్లనే చూసి, పూలున్నదే తెంపుకొచ్చిన." ఆమె నల్లద్దాలు సర్దుకుంది. "నాయినకు తెల్వదా, పూలున్నది పొయ్యొద్దని? తెలుసు. మరి గంత దూరంకెల్లి రాసుకోను వచ్చినోళ్ళకు ఎందుకు చెప్పలే? చెప్తే పుస్తకంల ఉండకపోవునా?"

మొగిలయ్య అరచేతులు చూసుకున్నాడు. "చెప్పిననే అనుకున్న అమ్మా. గిన్ని దినాలు గట్లనే అనుకున్న. కని అంత పెద్ద పుస్తకం. అంతమంది సదువుకున్నోళ్ళు కూసోని రాసిన్రు. చెప్పింది చెప్పినట్టు అన్ని ఉన్నయి. గదొక్కటి ఎందుకు ఇడిసిపెడ్తరు? ఆ పూట ఇప్పసారా తాగి ఉంటి. లోపట అనుకొని, బయటికి అనుడు మరిసిపోయిన్నేమో." తలెత్తి తారామణి కళ్ళలోకి చూశాడు. "నువ్వుంటివి గద. నేను చెప్పిన్నా?"

అందులో నింద లేదు. దారి తప్పిన మనిషి ఊరెటని అడిగినట్టు అడిగాడు. ఇప్పుడు, అనుకుంది తారామణి. ఇప్పుడు చెప్పడానికి ఏమీ అడ్డం లేదు. నాలుక కదిలితే చాలు. ఆ కదలిక మొదలవడం కూడా తెలిసింది.

"గుర్తు లేదు పెద్దయ్యా," అంది.

ఆయన తలూపాడు, ఆ మాటే వస్తుందని ముందే తెలిసినట్టు. మంచం మీద త్రివేణి ముఖం గోడ వైపు తిప్పుకుంది.

కాగితం బయటికి తీయడం ఎట్లా జరిగిందో తారామణికి సరిగా తెలియలేదు. చేతులు వాటంతట అవే సంచిలోంచి ఇంకు డబ్బా తీశాయి, మూత విప్పాయి. ఆయన బొటనవేలు మొద్దుబారి, అడ్డంగా పగుళ్ళు పట్టి ఉంది. మొదటిసారి ముద్ర సగమే పడింది. ఆమె ఆ వేలు పట్టుకుని ఇంకులో అటూ ఇటూ దొర్లించి, మళ్ళీ అద్దించింది. ఆయన వేలిని తలవెంట్రుకలకి తుడుచుకున్నాడు.

"ఏం రాసిన్రు అండ్ల?"

"మీరు మాకు చెప్పలేదని."

"మంచిది," అన్నాడు.

అనడమే కాదు, ఆయన ముఖంలో ఏదో వదులైంది. ఆమె దానికి సిద్ధంగా లేదు. వేలు ఇవ్వనంటాడని, కోప్పడతాడని, కాగితం విసిరికొడతాడని దారి పొడుగునా ఊహించుకుంటూ వచ్చింది. ఆ కోపం వెనక తను దాక్కోవచ్చు. ఈ మనిషి శిక్ష కోసం ఎదురుచూస్తున్నాడు. కూతురు ఇన్ని రోజులుగా ఇవ్వనిది తను టైపు చేయించి తెచ్చిచ్చింది.

"ఇగ ఏ ఆకు పేరు ఎత్త అమ్మా," అన్నాడు మెల్లగా. "మీ దాంట్ల నంబరున్నది గద. గదే మంచిగున్నది. నంబరుకు ఎవ్వల్తోని చుట్టరికం లేదు."

లేచి వస్తుంటే త్రివేణి వెనక్కి తిరక్కుండానే అంది, "బేస్తవారం పొద్దుగాల హనుమకొండ బస్సుకు పోతున్నం మేడం. ఇగ చేసేది ఏం లేదన్నరు డాక్టర్లు."

బుధవారం సుధీంద్ర ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ముద్ర బాగా పడింది," అన్నాడు. "నోట్‌బుక్?"

దొరకలేదని అనొచ్చు. అదైతే అబద్ధమే అయినా, తన దగ్గర మిగిలే అబద్ధం. తారామణి వెళ్ళి నీలం అట్ట నోట్‌బుక్ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన తెరవలేదు. అందులో ఏముందో తెరవకుండానే తెలిసినవాడిలా సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"మీకు కష్టంగా ఉందని నాకు తెలుసు మేడం. కానీ మనం చేసేది సైన్స్. చుట్టరికాలు కాదు. రెండో ముద్రణలో ఆ పేజీ తీసేద్దాం. మొక్కే ఉండదు, గొడవే ఉండదు."

బల్ల దగ్గరికి వచ్చి సూదిలో దారం ఎక్కించింది. ఎక్కలేదు. దారం కొస తడిచేసి మళ్ళీ ఎక్కించింది.

"ఏమైంది మేడం?" అంది చాందిని. "ఎవరన్న పోయిన్రా?"

"లేదు."

ఒక మొక్కని కుట్టింది, ఇంకొకటి కుట్టింది. మధ్యలో ఎందుకో నలభై ఏడు పేరు గూడెం మాటలో గుర్తొచ్చింది. వెనకే నలభై ఎనిమిది పేరు కోసం చూసుకుంది. రాలేదు. అక్షరాల ఆకారం గుర్తుంది, కుదురుగా రాసిన బ్రాకెట్ గుర్తుంది, బ్రాకెట్‌కి ముందున్న మాట లేదు. చేతిలో సూది ఆగిపోయింది. ఆ పేరు ఇప్పుడు ఎక్కడుంది? తాళం వేసిన సొరుగులో ఉంది. ఇక ఏ ఆకు పేరూ ఎత్తనన్న ముసలాయన నోట్లో ఉంది. ఆయన తర్వాత ఆ చెట్టుని ఎవరూ అట్లా పిలవరు. కూతురికి రాదు. చెట్టు మాత్రం ప్రతి ఏడూ పూస్తుంది, ఏ పేరూ లేకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా.

పనంతా అయ్యేదాకా రాలేదు ఆ మాట. ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని ఉప్పల్ రింగు రోడ్డు చేరేసరికి, దిగబోతూ కమ్మీ పట్టుకున్నప్పుడు, అదంతట అదే నాలుక మీదికి వచ్చింది. పైకే అంది. ఆటోవాడు "ఆఁ? ఏందమ్మా?" అన్నాడు. ఏం లేదంది. ఇంటికి నడుస్తూ మళ్ళీ మళ్ళీ అనుకుంటూనే పోయింది. ఆమె నోరు ఆ మాటకి పరాయిది. మధ్యలో ఒక చోట గొంతులో ఆపి పలకాలి, అది కుదరడం లేదు. దానికి దొరికింది ఈ నోరా, అనుకుంది.

గురువారం పొద్దున ఆఫీసుకి బయల్దేరి రింగు రోడ్డు దగ్గర నిలబడింది. నాచారం ఆటో వచ్చింది. ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది. "నాచారం, నాచారం, మేడం వస్తున్నరా?" అని రోజూ చూసే డ్రైవరే పిలిచాడు. చెయ్యి అడ్డంగా ఊపి, మెట్రో స్తంభాల కింద నుంచి వరంగల్ బస్సులు ఆగే వైపుకి నడిచింది.

ఆ రోడ్డు మీద ఫ్లైఓవర్ కోసం లేపిన స్తంభాలు ఏళ్ళుగా అట్లాగే నిలబడి ఉన్నాయి. వాటి కింద పడేసిన సిమెంటు దిమ్మె మీద తండ్రీకూతుళ్ళు కూర్చున్నారు, మధ్యలో సంచి పెట్టుకుని. మొగిలయ్య వచ్చే బస్సుల వైపు చూస్తున్నాడు. త్రివేణి రెండోవైపు చూస్తోంది. చూపు పోయిన కన్ను తండ్రివైపు ఉండేట్టు కూర్చుంది. అటు తిరిగితే తప్ప ఆయన కనపడడు. ఆమె తిరగడం లేదు.

తారామణి పది అడుగుల దూరంలో ఆగింది. చెప్పి ఏం లాభం? నోట్‌బుక్ లేదు. కాగితం జిల్లాకి పోయి ఉంటుంది. నిజమని ఎట్లా నమ్మించగలదు? నమ్మినా కన్ను రాదు. పైగా, మొన్నటి నుంచే కదా ఆ ముసలాయన కొంచెం ఊపిరి పీలుస్తున్నాడు. ఆ తప్పు కూడా లాగేసుకుంటే ఆయన దేన్ని పట్టుకుని బతకాలి? మంచి కారణాలే. ఒక్కొక్కటీ ఎంత మర్యాదగా, ఎంత కుదురుగా వస్తున్నాయో ఆమె గమనించింది. ఎర్ర వరుసలు తీసేసిన రోజు వచ్చినవీ ఇవే, ఇంత మర్యాదగానే.

"జనగామ, హన్మకొండ, హన్మకొండ!" కండక్టరు తలుపులోంచి వేలాడుతూ అరుస్తున్నాడు. బస్సు పూర్తిగా ఆగకముందే జనం కదిలారు. మొగిలయ్య సంచి భుజానికెత్తుకుని, కూతురు లేవడానికి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఆమెకి కనిపించే వైపున లేదు. ఆమె దిమ్మెను తడుముకుంటూ తనే లేచింది. ఆ చెయ్యి కాసేపు గాల్లో అట్లాగే ఉండి, తర్వాత సంచి పట్టీని పట్టుకుంది.

తారామణి ఇద్దరినీ దాటి, దుమ్ములోంచి చుట్టూ తిరిగి, త్రివేణికి ఎడమవైపు వచ్చి నిలబడింది.

"మేడం?" అంది త్రివేణి.

ముందు గూడెం మాటలో ఆ పేరు పలికింది తారామణి. గొంతులో ఆపాల్సిన చోట ఆపలేకపోయింది. అయినా పలికింది. ఇంటి మాటే కదా, దాని అర్థం త్రివేణికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"పూసిన తర్వాత దాని పేరు అది," అంది. "మీ నాయన చెప్పాడు. నాకే చెప్పాడు. తీసేసింది నేను."